కందుకూరి గడప దాటితే...

రాజమహేంద్రవరం: గోదావరి స్నానానికి వచ్చే యాత్రికులు పుష్కరాల రేవు, కోటిలింగాల రేవు, మార్కండేయస్వామి ఆలయం చూసుకుని తిరుగు ప్రయాణమవుతారు. పాత పట్టణపు వీధుల నడుమ ఉన్న ఒక ఇంటిని వెతుక్కుంటూ వెళ్లేవారు మాత్రం తక్కువ. అది కందుకూరి వీరేశలింగం పంతులు జన్మగృహం. రాష్ట్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న ఈ కట్టడం ఆయన స్మృతిచిహ్నాలకు చిన్నపాటి ప్రదర్శనశాల. శిల్పాలు, నాణేలు, తాళపత్రాలు చూడదలచినవారికి ఇదే పట్టణంలో రాళ్లబండి సుబ్బారావు పేరిట ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాల ఉంది. కందుకూరి ఇంట్లో మాత్రం అక్కడి వస్తువుల కంటే గుమ్మానికే చరిత్ర ఎక్కువ. 1881 డిసెంబరులో ఆ గుమ్మంలోకి అడుగు పెట్టడానికి పురోహితులు, వంటవారు, నీళ్లు మోసేవారు, చివరకు కొందరు ప్రాణమిత్రులు సైతం వెనుకాడారు.

ఈ ఇంటిని, పట్టణంలోనే ఉన్న పురమందిరాన్ని, ఆనందోద్యానాన్ని వరుసగా చూసినవారికి ఒక సంగతి తోస్తుంది. పంతులుగారు కట్టడాల మీద మోజుతో వాటిని నిర్మించలేదు. ఊరిలో ఒక తలుపు తమకు మూసుకుపోయిన ప్రతిసారీ దానికి బదులుగా మరొక తలుపును ఆయన స్వయంగా నిలబెట్టవలసి వచ్చింది.

తండ్రి లేని బాల్యం

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు జన్మించారు. పూర్వీకులు కందుకూరు నుంచి వలస వచ్చినవారు కావడంతో అదే ఇంటిపేరయింది. ఆరు నెలల పసిప్రాయంలో మశూచికం సోకి బతికి బయటపడ్డారు. నాలుగో ఏట తండ్రి కన్నుమూశారు. పెదతండ్రి వెంకటరత్నం సంరక్షణలో పెరిగారు. ఒంట్లో సత్తువ అంతంతమాత్రం. బాల్యంలో పట్టుకున్న దగ్గు, ఆయాసం జీవితాంతం వదలలేదు. మునుముందు ఊరినంతటినీ ఎదిరించి నిలబడిన మనిషి శరీరబలం ఇంతేనని తెలిస్తే ఇప్పటివారికి ఆశ్చర్యం కలుగుతుంది.

1861లో ఆయనకు పదమూడో ఏట కాతేరు గ్రామానికి చెందిన బాపమ్మతో వివాహమైంది. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అన్న పేరు పెట్టారు. బాల్యవివాహాలను జీవితమంతా నిరసించిన వ్యక్తి తానూ బాల్యంలోనే వరుడు కావలసి రావడం ఆ కాలపు రీతి. అయితే ఆ వివాహమే ఆయనకు అన్నింటికంటే గట్టి అండగా మారింది. ఆ మాట తరువాత వస్తుంది.

1869లో మెట్రిక్యులేషన్ పూర్తయింది. అప్పట్లో ఆంగ్లం వచ్చిన యువకుడికి కచేరీలో కొలువు, న్యాయస్థానంలో వకాలతు చేతికందే ద్వారాలు. కచేరీలలో లంచం, వకాలతులో అబద్ధం తప్పవన్న భావనతో ఆ రెండింటికీ స్వస్తి చెప్పి బడిపంతులు వృత్తిని ఎంచుకున్నారు. తుపాను దెబ్బకు వైభవం కోల్పోయిన రేవుపట్టణం కోరంగిలో కొంతకాలం పనిచేసి, 1874లో ధవళేశ్వరం పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా వచ్చారు. ఆనకట్ట పుణ్యమా అని ధవళేశ్వరం అప్పటికే పనివారితో, ఉద్యోగులతో కళకళలాడుతోంది. అక్కడే ఆ ఏడాది బాలికల కోసం పాఠశాల తెరిచారు. అక్టోబరులో వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు.

అచ్చుయంత్రం కథ

పత్రిక తొలి సంచికలు మద్రాసులో కొక్కొండ వేంకటరత్నం పంతులు ముద్రణశాలలో అచ్చయ్యాయి. కొక్కొండవారు సంప్రదాయవాది, పైగా ఆంధ్రభాషా సంజీవని పత్రిక నడుపుతున్నవారు. స్త్రీవిద్య విషయంలో ఇద్దరి దారులూ వేరు. అభిప్రాయభేదం ఉన్నవారి యంత్రం మీద తమ అభిప్రాయాలు అచ్చువేయించుకోవడం ఎంతోకాలం సాగేది కాదు. రాజమండ్రిలో సొంత ముద్రణాలయం ఏర్పాటు కావలసి వచ్చింది. కొక్కొండవారి హాస్యవర్ధనికి దీటుగా హాస్యసంజీవని కూడా వెలువడింది. ఇద్దరు పండితుల ఈ అక్షరయుద్ధం ఆనాటి పాఠకులకు మంచి కాలక్షేపమే కాక, తెలుగు వచనానికి మంచి సాధన కూడా అయింది.

వివేకవర్ధని కేవలం సంఘసంస్కరణ వ్యాసాల పత్రిక అనుకుంటే పొరపాటు. న్యాయస్థానాల్లో, కచేరీల్లో సాగే లంచగొండితనాన్ని ఆధారాలతో బయటపెట్టిన పత్రిక అది. గోదావరి జిల్లా ఉద్యోగవర్గానికి దానంటే గుబులు. జిల్లా వార్తల పేజీకి ఈ నేలమీద తాతవంటిదని చెప్పినా తప్పులేదు. 1876లో కందుకూరి రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితులుగా చేరడంతో బోధన, పత్రిక, ముద్రణ అన్నీ ఒకే ఊరికి చేరాయి. 1878 నుంచి రాజశేఖర చరిత్రము ఆ పత్రికలోనే ధారావాహికగా వచ్చి, 1880లో పుస్తకమయింది. ఆంగ్లంలో గోల్డ్‌స్మిత్ రాసిన నవల దానికి ప్రేరణ అయినా, కథ నడిచేది మన ధవళేశ్వరంలో. జ్యోతిష్యాన్ని, రసవాదాన్ని, భూతవైద్యాన్ని నమ్మి చితికిపోయిన సంసారం అందులోని వస్తువు. తెలుగులో మొదటి నవల ఏదన్న వాదులాటలో 1872 నాటి శ్రీరంగరాజ చరిత్రము పేరూ వినిపిస్తుంది. ఏది ముందన్నది పండితుల పని. పాఠకలోకాన్ని పట్టుకున్నది మాత్రం రాజశేఖరుడే. 1887లో ఇది ఆంగ్లంలోకి అనువాదమైంది.

ప్లీడర్ల తంతును ఎగతాళి చేస్తూ రాసిన వ్యవహార ధర్మబోధినిని 1880లో విద్యార్థులు ఆడి చూపారు. కందుకూరి జయంతి ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడం వెనుక ఉన్నది ఈ కృషే.

పాతికేళ్లు కాగితం మీదే

వితంతువుల పునర్వివాహం చట్టసమ్మతమేనని 1856లో శాసనం వచ్చింది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి పట్టుదలతో అదే ఏడాది డిసెంబరులో కలకత్తాలో తొలి వివాహం జరిగింది. గోదావరి తీరాన ఆ శాసనం పాతికేళ్లు కాగితం మీదే ఉండిపోయింది. అయిదేళ్లకు, ఆరేళ్లకు పెళ్లి చేయడం, వరుడు మశూచికానికో విషజ్వరానికో పోవడం, ఊహ తెలియని పిల్లకు వైధవ్యం సంక్రమించడం అగ్రవర్ణాల ఇళ్లలో మామూలు విషయం. ఆ పిల్ల పెద్దదైతే తల మీద జుట్టు ఉండదు. ఒంటిపూట భోజనం, పండుగపబ్బాల్లో చాటున కూర్చోవడం, ఎదురొస్తే అపశకునమన్న నింద. భర్త ముఖం కూడా జ్ఞాపకం లేని పిల్లలు ముసలితనం వరకు మోయవలసిన శిక్ష అది. వీరేశలింగం బాధంతా ఆ పిల్లల గురించే.

1879 ఆగస్టు 3న రాజమండ్రిలో ఆయన వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని ఉపన్యసించారు. పరాశర స్మృతి మొదలైన ధర్మశాస్త్రాల ఆధారంతోనే వాదన నడిపారు. శాస్త్రం పేరు చెప్పి అడ్డుకునేవారికి శాస్త్రంతోనే సమాధానం చెప్పాలన్నది ఆయన పద్ధతి. ఆ సంవత్సరమే అక్టోబరులో రెండో ఉపన్యాసం జరిగింది. పండితులు ఖండన సభలు పెట్టారు. కరపత్రాలు వెలువడ్డాయి. వీధుల్లో కొట్లాటలకూ కొదవలేకపోయింది.

వాదంలో గెలవడం ఒక ఎత్తు, పెళ్లి చేయడం మరొక ఎత్తు. వధువును తల్లిదండ్రుల ఇంటినుంచి తీసుకురావాలి. వరుడిని ఒప్పించాలి. పెళ్లి తరువాత వెలి పడే దంపతులకు ఇల్లు, తిండి, అవసరమైతే కొలువు చూపాలి. బడిపంతులు జీతంతో ఇవన్నీ అయ్యేవి కావు. ఈ ఇబ్బందిని తీర్చినవారు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య. స్వకులంలో చిక్కులు వస్తాయని తెలిసే ఆయన పదివేల రూపాయల సాయానికి ముందుకు వచ్చారు. అప్పటి పదివేలంటే ఎంత పెద్ద మొత్తమో చెప్పనక్కర లేదు. ఆంధ్రదేశంలో సంఘసంస్కరణ చరిత్ర రాసేవారు ఉపన్యాసాలను తలచుకున్నంతగా ఈ వర్తకుడి దానాన్ని తలచుకోరు.

1881 డిసెంబరు 11

కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతం నుంచి గౌరమ్మ అనే బాలవితంతువును గుట్టుచప్పుడు కాకుండా రాజమండ్రికి తీసుకువచ్చారు. గోగులపాటి శ్రీరాములు వరుడు. ముహూర్తం డిసెంబరు 11 రాత్రి. వేదిక పంతులుగారి ఇల్లు. వార్త బయటకు పొక్కగానే ఊరు అట్టుడికినట్టు ఉడికింది. పెళ్లిని ఆపుతామన్న బెదిరింపులు వచ్చాయి. కళాశాల విద్యార్థులు కర్రలు చేతబట్టి ఇంటి చుట్టూ కాపలా నిలిచారు. పోలీసు బందోబస్తు కూడా ఏర్పాటయింది. మంగళవాద్యాల హోరు నడుమ ఆ రాత్రి వివాహం జరిగిపోయింది. నాలుగు రోజులు తిరక్కుండానే, డిసెంబరు 15న, రెండో వితంతు వివాహం కూడా జరిగింది. మొదటిది ఏదో పొరపాటున జరిగిపోయిందని సరిపెట్టుకోదలచినవారికి ఆ అవకాశం లేకపోయింది.

అసలు పరీక్ష ఆ తరువాత మొదలయింది. శంకరాచార్య పీఠం నుంచి బహిష్కార పత్రాలు వచ్చాయి. పెళ్లికి హాజరైనవారు, విందులో చేయి కడిగినవారు అందరూ వెలికి పాత్రులయ్యారు. తోడుంటామని ముందుగా మాట ఇచ్చిన మిత్రులలో పలువురు ప్రాయశ్చిత్తం చేయించుకుని కులంలో కలిసిపోయారు. వారిని పూర్తిగా నిందించడమూ సరికాదు. ఇంట్లో పెళ్లికావలసిన ఆడపిల్లలు, తద్దినం పెట్టవలసిన తల్లిదండ్రుల స్మృతి ఉన్న గృహస్థుకు వెలి అంటే బతికుండగానే ఊరికి లేకుండా పోవడం. బసవరాజు గవర్రాజు వంటి కొద్దిమంది మాత్రం కదలకుండా నిలిచారు.

వంటబ్రాహ్మణులు రాలేదు. నీళ్లు తెచ్చేవారు మానుకున్నారు. ఇంటినిండా కొత్త దంపతులు, వారిని చూడవచ్చినవారు, కాపలా ఉన్న విద్యార్థులు. అంతమందికి వండి వార్చిన చేతులు రాజ్యలక్ష్మమ్మవి. గోదావరికి స్వయంగా వెళ్లి బిందెలతో నీరు మోసుకువచ్చారు. దారిలో వినవలసిన మాటలు విన్నారు. పెళ్లికూతుళ్లను సొంత బిడ్డల్లా అలంకరించి పీటల మీద కూర్చోబెట్టారు. ఆ దంపతులకు సంతానం లేదు. ఇంటికి చేరిన వితంతు బాలికలే వారి సంతానం. పంతులుగారి కీర్తిలో సగభాగం రాజ్యలక్ష్మమ్మదని అనడం మర్యాద కోసం అనే మాట కాదు. ఆమె ఆ బిందె దించి పుట్టింటికి వెళ్లి ఉంటే ఆ డిసెంబరు తరువాత ఆ ఇంట మరో పెళ్లి జరిగేది కాదు.

ఆ ఇల్లు చూడవచ్చినవారు ఈ దృష్టితో చూస్తే నిలుచున్న చోటే కథ కళ్లకు కడుతుంది. గుమ్మం ముందు కాపలా, లోపల పెళ్లిసందడి, పొయ్యి దగ్గర ఒంటరిగా ఒక ఇల్లాలు.

వీరేశలింగం జీవితకాలంలో ఇలాంటి వివాహాలు దాదాపు నలభై జరిగాయి. అన్నీ సుఖాంతాలు కాలేదు. ధనాశతో పెళ్లికి ఒప్పుకున్న వరులు, తరువాత ఏదో ఒక వంకతో సొమ్ముకోసం పీడించినవారు, కృతజ్ఞత మరచినవారు ఆయనకు తారసపడ్డారు. ఆ చేదును ఆయన స్వీయచరిత్రలో దాచుకోలేదు. తమ ఉద్యమం లోపాలను ఇంత వివరంగా తామే లెక్కగట్టి రాసిన సంస్కర్తలు అరుదు.

పురమందిరం, ప్రార్థనామందిరం

ఉపన్యాసానికి చోటు దొరకడమే గగనమైన ఊరిలో అందరికీ అందుబాటులో ఉండే సభాస్థలం అవసరమని కందుకూరి భావించారు. ఆ ఆలోచన ఫలితమే 1890లో సొంత ఖర్చుతో నిర్మించిన పురమందిరం. ఊరివారు టౌన్‌హాలు అని పిలుచుకునే భవనం ఇదే. ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడకుండా మాట్లాడుకోవడానికి ఒక కప్పు ఏర్పడడం చిన్న విషయం కాదు. ఏ పక్షంవారైనా అక్కడ సభ చేసుకోవచ్చు. తనను తిట్టిపోయడానికి కూడా ఊరివారికి ఒక వేదిక కట్టి ఇచ్చారన్నమాట.

ఆరాధన విషయమూ అంతే. విగ్రహారాధనకు స్వస్తి చెప్పి ఏకేశ్వరోపాసన వైపు మళ్లిన ఆయన 1878లో ప్రార్థనా సమాజం నెలకొల్పారు. 1887లో రాజమండ్రిలో బ్రహ్మసమాజ మందిరం వెలసింది. వెలి కారణంగా గుడికి దూరమైనవారికి అది ఆశ్రయమయింది.

ప్రభుత్వం 1893లో రావుబహదూర్ బిరుదు ఇచ్చింది. మహారాష్ట్ర సంస్కర్త రానడే ఆయనను దక్షిణదేశపు విద్యాసాగరుడిగా కొనియాడారు. 1898లో మద్రాసులో జరిగిన జాతీయ సాంఘిక మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. ఆ సంవత్సరమే మద్రాసులో వితంతు శరణాలయం ప్రారంభించారు. 1899 నుంచి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసి, పదవీ విరమణ అనంతరం రాజమండ్రికి తిరిగివచ్చారు. మద్రాసు నివాసం ఆయన ఆరోగ్యాన్ని, చేతిసొమ్మును కూడా హరించింది.

ఈ కాలంలోనే దేశం గాలి మారింది. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటనతో వందేమాతరం నినాదం రాజమండ్రి కళాశాల గోడలను దాటింది. ఒకనాడు కర్రలు పట్టుకుని కందుకూరి ఇంటికి కాపలా కాసిన విద్యార్థుల వయసులోని కుర్రవాళ్లు ఇప్పుడు స్వరాజ్యం అంటున్నారు. ఆంగ్ల ప్రభుత్వ రక్షణలోనే సంస్కరణ సాధ్యమని నమ్మిన పంతులుగారు ఆ ఉత్సాహంతో శ్రుతి కలపలేకపోయారు. యువతరం ఆయనను గౌరవిస్తూనే దూరంగా జరిగింది. ఇది ఆయన పరిమితి అనే చెప్పాలి. అయితే పోలీసు బందోబస్తు లేకుంటే ఒక చిన్నపిల్ల పెళ్లి పూర్తికాని రాత్రిని చూసిన మనిషి ప్రభుత్వాన్ని అలా చూడడంలో వింతలేదు.

ఆనందోద్యానం

1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన యావదాస్తినీ దానికి ధారపోశారు. వితంతు శరణాలయం, పాఠశాల దాని ఆధ్వర్యంలోకి వచ్చాయి. ఆస్తిక పాఠశాలగా మొదలైన విద్యాసంస్థల వరుస కళాశాలల దాకా పెరిగింది. శరణాలయం కోసం ఊరికి దూరంగా తోటను అభివృద్ధి చేశారు. అదే ఆనందోద్యానం. అప్పట్లో దూరమనిపించిన ఆ చోటు ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. ఊరిలో అద్దెకు ఇల్లు దొరకని ఆడపిల్లలకు తోటలో ఇల్లు దొరికింది. చదువు నేర్చుకున్నారు, ఇష్టమైనవారు పెళ్లి చేసుకున్నారు.

1910 ఆగస్టు 11న రాజ్యలక్ష్మమ్మ కన్నుమూశారు. దాదాపు అర్ధశతాబ్దపు సాహచర్యం తెగిపోయింది. మిగిలిన తొమ్మిదేళ్లు పంతులుగారు రచనలోనే కాలం గడిపారు. నాటకాలు, ప్రహసనాలు, శాస్త్రగ్రంథాలు, జీవితచరిత్రలు, వ్యాసాలు కలిపి ఆయన పుస్తకాలు వందకు పైబడ్డాయి. స్త్రీల కోసం 1883లోనే సతీహితబోధిని పత్రిక నడిపారు.

భాష విషయంలో ఆయన చివరి అడుగు చెప్పుకోదగినది. యవ్వనంలో చిన్నయసూరి బాటలో నీతిచంద్రిక తరువాయిని గ్రాంథికంలో రాసిన చేయి ఆయనది. క్రమంగా శైలిని సరళం చేసుకుంటూ వచ్చారు. 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వ్యావహారిక భాషా ప్రచారం కోసం వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు డెబ్బై ఏళ్ల వీరేశలింగం దానికి అధ్యక్షులయ్యారు. గిడుగు రామమూర్తి పంతులు ఎన్నేళ్లుగానో చేస్తున్న వాదానికి ఆ పెద్దమనిషి పేరు తోడవడం గ్రాంథికవాదులకు మింగుడుపడలేదు. ఆ వయసులో సొంత అభిప్రాయాన్ని మార్చుకోవడానికి వెనుకాడకపోవడం ఆయన స్వభావం.

ఆ తరువాత మూడు నెలలకే, 1919 మే 27న, మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు పంతులు ఇంట ఆయన తుదిశ్వాస విడిచారు. ఆంధ్రకవుల చరిత్రను సంస్కరించి తిరిగి అచ్చువేయించే పనిమీద అక్కడ ఉన్నారు. చేతిలో పని సగంలోనే ఆగింది.

ఆయన పుట్టిన ఇంటినుంచి పురమందిరం మీదుగా ఆనందోద్యానం వరకు ఒక పూటలో చూసి రావచ్చు. తోటలో దంపతుల సమాధులు ఉన్నాయి. హితకారిణీ సమాజం విద్యాసంస్థల్లో ఒకటి కందుకూరి వీరేశలింగం ఆస్తిక కళాశాల. మహిళా కళాశాలకు పెట్టిన పేరు కందుకూరి రాజ్యలక్ష్మిది.